జేజినాయన రివాల్వర్‌కు ఒక ఎరువుల కొట్టువాడి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెబ్లీ రివాల్వర్ గారి సముఖానికి,

అనంతపురం నుంచి మీ లైసెన్సుదారుడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఉభయ అని రాశానే గానీ నా కుడిచేతి బొటనవేలు ఇంకా కుశలంగా లేదు. ఆ సంగతి కిందికి వచ్చాక మనవి చేసుకుంటాను.

తమరు పుట్టింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో. .32 బోరు, ఆరు గుళ్ళు. పక్కనున్న మీట బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే చాలు, కాల్చిన గుళ్ళ తొడుగులన్నీ తమరే ఒక్క ఊపున పైకి తోసేస్తారు. ఈ విద్య మా ఇంట్లో అందరూ చూశారు. తొడుగులు ఎగిరిపడగా చూసినవాళ్ళు మాత్రం లేరు. తోయడానికి ముందు కాల్చాలి కదా. మా జేజినాయన మునసబుగిరీ చేసే రోజుల్లో ఇంటికి వచ్చిన మీరు, ఇప్పటిదాకా మనిషిని కాదు కదా, మామిడికాయను కూడా కొట్టిన దాఖలా లేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పోస్టులు తీసేసింది. ముందు పోస్టు పోయింది, తర్వాత జేజినాయన పోయాడు, ఆ తర్వాత మా నాయన పోయాడు. మీరు మాత్రం బీరువాలో చీరల కింద చల్లగా ఉన్నారు.

సినిమావాళ్ళ లెక్కన సీమలో ఇంటికొకరు మీలాంటివారు ఉండాలి. పొద్దున కాఫీకి ముందు ఒకసారి, రాత్రి సంగటి తిన్నాక ఒకసారి పేలాలి. హైదరాబాదులో ఒక పెండ్లిలో ఎవరో పెద్దమనిషి "మీది అనంతపురమా అండీ" అని నా నడుంవైపు చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. నడుం దగ్గర ఎత్తుగా కనబడుతున్నది బీపీ మాత్రల డబ్బీ.

మీవల్ల మా ఇంటికి వచ్చిన గౌరవం ఎంతో నాకు సరిగ్గా తెలియదు. వచ్చిన పని మాత్రం లెక్క చెప్పగలను. నాయన పోయిన పన్నెండో రోజు అయిందో లేదో, నేను వారసుడినని రాసిచ్చి, మిగతా వారసులకు అభ్యంతరం లేదని రాయించి, ఆఫీసుల మెట్లు ఎక్కి దిగాను. పొలం పాసుపుస్తకానికి కూడా అంత తిరగలేదు. నాకు ఆధార్ నంబరు ఉన్నట్టే మీకు యూఐఎన్ నంబరు తెచ్చిపెట్టాను. మూడేళ్ళకోసారి రెన్యువల్. 2019లో చట్టం సవరించి దాన్ని ఐదేళ్ళు చేశారు కాబట్టి బతికిపోయాను. అదే సవరణలో మనిషికి మూడు తుపాకులదాకా ఉన్న పరిమితిని రెండుకు దించారు. ఒకరు లేక ఇద్దరు చాలన్న పాత నినాదం చివరికి తుపాకులకూ వచ్చింది. నాకు ఒక్కరే ఎక్కువైపోయారని ఎవరికి చెప్పుకోను?

ఇక ఎన్నికలు. కోడ్ వచ్చిందంటే చాలు, ఊళ్ళో లైసెన్సు తుపాకులు దాదాపు అన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాలి. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆత్మరక్షణకోసమని ఇచ్చిన ఆయుధం, ఊరు కాస్త వేడెక్కే ఆ రెండున్నర నెలలూ పోలీసు రక్షణలో ఉంటుంది. నేను నా రక్షణలో ఉంటాను. ఎవరి ఆత్మను ఎవరు రక్షించారో మీరే చెప్పాలి. నేను మాత్రం రసీదును లామినేషన్ చేయించి జేబులో పెట్టుకు తిరిగాను.

మిమ్మల్ని ఎక్కడ ఉంచారో నేను చూడలేదు. కిటికీలేని గది, పైన రేకులు అని ఒక కానిస్టేబుల్ తమ్ముడు చెప్పాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానకు నోచుకున్న జిల్లా, అందులో ఏప్రిల్, మే. నలభై దాటిన ఎండ. ఇచ్చేటప్పుడు రాసిన రసీదులో "రివాల్వర్ ఒకటి, మంచి స్థితిలో ఉన్నది" అని ఉంది. తెచ్చుకునేటప్పుడు నేను సంతకం పెట్టిన పుస్తకంలోనూ "మంచి స్థితి" అనే ఉంది. ఇంటికొచ్చి గుడ్డ విప్పితే కుడివైపు పిడి చెక్క మధ్యనున్న మర బెజ్జం నుంచి కింది అంచుదాకా చీలి ఉంది. వెంట్రుక దూరేంత సందు. ఎడమ చెక్క అంచున ఏదో పురుగు కొరికిన గాడి. మీ ఉక్కుకు మాత్రం ఈగ వాలిన గుర్తు కూడా లేదు.

తప్పంతా ఎండదే అనను. చెక్క అన్నది వాడుకమాటే, మీ పిడిది కొమ్ము. కొమ్మంటే గోరులాంటిదే, వెంట్రుకలాంటిదే, అన్నీ కెరటినే. లోపలి ఎముక చుట్టూ పొరమీద పొరగా ఉల్లిగడ్డలా పెరుగుతుంది. తేమ పోతే ముడుచుకుంటుంది. కింద ఉక్కు చట్రం ముడుచుకోదు, మధ్యలో మర వదలదు. అటు పోలేక ఇటు రాలేక ఆ కొమ్ము పొరల వెంట చీలుతుంది. పైగా ఆ మరను ఎవరో మహానుభావుడు బండి చక్రం బోల్టు అనుకొని బిగించాడు. ఆ మహానుభావుడు మా నాయన అయ్యుండొచ్చు, నేనూ అయ్యుండొచ్చు. దర్యాప్తు అక్కడితో ఆపేశాను.

చీలిక బయటపడ్డ రోజు సాయంత్రానికే ఎదురింటి రిటైర్డ్ మేష్టారు వచ్చి, "దుప్పి కొమ్మేమో చూసుకో నాయనా, 1972 వన్యప్రాణుల చట్టం ఉంది, ఫారెస్టు వాళ్ళకు తెలిస్తే రివాల్వర్ కన్నా పిడి పెద్ద కేసు" అని బీపీ పెంచి వెళ్ళాడు. చెక్కను విప్పి వెనకవైపు తిప్పి చూశాను. దుప్పి కొమ్ము నిజానికి ఎముక, ఏటా రాలిపోయేది. నడిమధ్య స్పంజిలా బెజ్జాలు ఉంటాయి. ఇందులో బెజ్జాల్లేవు, నల్లటి పొరలు. ఇంకా నమ్మకం చాలక సూది ఎర్రగా కాల్చి వెనకవైపు ఒక చుక్క పెట్టాను. జుట్టు కాలిన కంపు. ప్లాస్టిక్కు కాదు, దుప్పీ కాదు. ఎనుము.

ఎనుమే అని మా అమ్మ మొదటినుంచీ చెబుతూనే ఉంది, నేనే వినలేదు. తమరు బర్మింగ్‌హామ్ నుంచి వచ్చినప్పుడు తమ పిడికి ఉన్నది గంధకం వేసి ఉడికించిన గట్టి రబ్బరు. అది ఎప్పుడో ముక్కలైంది. అప్పటికే మా ఇంట్లో నల్లమ్మ అనే ఎనుము ముసలిదై చచ్చిపోతే, దువ్వెనలు చేసే ఒకాయన దాని కొమ్మును వేడినూనెలో మెత్తబరిచి, అదిమి పలకలు చేసి, మీకు పిడి తొడిగాడట. మిగిలిన ముక్కతో మా జేజికి ఒక ఈర్పెన చేసిచ్చాడట. మా నాయననూ ముగ్గురు మేనత్తలనూ పాలిచ్చి పెంచింది ఆ నల్లమ్మే. ఇన్నాళ్ళూ ఊరు దండం పెట్టింది మీ గొట్టానికి కాదు సార్, అది ఎవరికీ కనబడేది కాదు. మునసబు పంచెకట్టులోంచి బయటికి కనబడింది ఆ నల్ల పిడి ఒక్కటే. మా వంశప్రతిష్ఠ అంతా ఒక పాడి ఎనుము తలమీదిది.

ఇప్పుడు నా బొటనవేలి సంగతి.

కొట్టు మూసి వచ్చి, కాయితం పరిచి, చీలికలో ఫెవిక్విక్ పోసి రెండు వేళ్ళతో అదిమి పట్టుకున్నాను. అర నిమిషం అని ట్యూబుమీద రాసి ఉంది కదా, నేను రెండు నిమిషాలు పట్టుకున్నాను. వదిలితే చీలిక నోరు తెరుచుకునే ఉంది. బొటనవేలు మాత్రం చెక్కకు అతుక్కుపోయింది. మీ కొమ్ము, నా చర్మం ఒకే పదార్థమైనప్పుడు నన్నే ఎందుకు పట్టుకుంది? తర్వాత తెలిసింది. ఆ జిగురు గట్టిపడాలంటే తేమ కావాలి. అనంతపురంలో ఆ రాత్రి తేమ దొరికింది నా వేలి చెమటలోనే. చీలికలోనేమో యాభై ఏళ్ళుగా దసరాకొకసారి మీకు రాసిన కొబ్బరినూనె. ఆ క్షణంలో మర్యాద మరిచి "నీ యమ్మ, వదలరా" అన్నమాట నిజమే, క్షమించాలి. చెక్కతో సహా భోజనానికి కూర్చుంటే మా ఆవిడ గోళ్ళ రంగు తుడిచే సీసా తెచ్చి, మాట్లాడకుండా చుక్క చుక్క పోసింది. వేలు వచ్చింది. చర్మం కొంత మీ దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు టవర్ క్లాక్ అవతల మా కంసాలి మామ దగ్గరికి రెండు చెక్కలే తీసుకుపోయాను. తమరిని కాదు, తుపాకి రిపేరు చేసేవాడికి దానికంటూ లైసెన్సు ఉండాలి, చెక్కకు అక్కర్లేదనుకున్నాను. మామ అద్దం పెట్టుకొని చీలిక చూసి, "అల్లుడూ, నూనె దించకుండా జిగురెవరు పోసినారు?" అన్నాడు. ఎవరో పోశారన్నాను. ఆయన చూపు నా బొటనవేలిమీద పడింది. ఇంకేమీ అడగలేదు.

పక్కన కూర్చున్న ఒకాయన మరిగే నీళ్ళలో వేస్తే కొమ్ము మెత్తబడి తనే కూడుకుంటుందన్నాడు. దువ్వెన చేసేవాడికి అది పనికొస్తుంది గానీ, చట్రానికి సరిగ్గా కూర్చునేలా చెక్కిన పలక అలా వేస్తే అప్పడంలా వంకర పోతుందని మామ తల అడ్డంగా ఊపాడు. ముందు సబ్బునీళ్ళు తడిపిన బ్రష్షుతో రుద్ది, నీళ్ళలో నానబెట్టకుండా వెంటనే తుడిచాడు. తర్వాత అదే గోళ్ళ మందుతో, సన్నటి పుల్లకు దూది చుట్టి, చీలికలోపల తుడవడం మొదలుపెట్టాడు. మొదటి దూది నల్లగా వచ్చింది. రెండోది గోధుమరంగు. మూడోది ఎర్రగా వచ్చింది. మామ ఒక్క క్షణం నావైపు అదోలా చూశాడు.

కుంకుమ. ఏటా ఆయుధపూజకు మా జేజి, తర్వాత మా అమ్మ, తర్వాత మా ఆవిడ పెట్టిన బొట్టు. మీలోపల దొరికిన ఎరుపు అదొక్కటే.

తొమ్మిదో దూది తెల్లగా వచ్చాక ఒకరోజు ఆరనిచ్చి, నీళ్ళలా పలచటి జిగురు చుక్క చీలిక కొసన ఆనించాడు. పొయ్యలేదు, ఆనించాడు. దీపం వత్తి నూనె పీల్చినట్టు చీలిక తనే లోపలికి పీల్చుకుంది. సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో చుట్టి పక్కన పెట్టాడు. వెనకవైపు, చట్రానికి ఆనని పల్లంలో, అరాల్డైట్ తడిపిన పలచటి నూలుగుడ్డ పట్టీ అంటించాడు. మళ్ళీ మర బిగించినా చీలిక పాకకుండా అది పట్టుకుంటుందట. అది పూర్తిగా గట్టిపడటానికి ఒక రాత్రి, ఒక పగలు.

పురుగు కొరికిన గాడికి మాత్రం కొమ్ము పొడి కావాలన్నాడు. అదే జాతి అయితే రంగు కలుస్తుంది. మా అమ్మ లేచి వెళ్ళి, పాత ట్రంకుపెట్టెలోంచి జేజి ఈర్పెన తెచ్చి ఇచ్చింది. రెండు పళ్ళు ఊడిపోయాయి, ఒక మూల అరిగిపోయింది. "ఆ మూల అరగదీసుకో, పళ్ళ జోలికి పోవద్దు" అంది. ఆకురాయి పెట్టి గీకుతుంటే జుట్టు కాలుతున్న వాసన ఇల్లంతా. ముక్కుకు గుడ్డ కట్టుకొని చెంచాడు పొడి రాల్చాను. అరాల్డైట్‌లో కలిపి గాడిలో నింపాం. నల్లమ్మ రెండో కొమ్ములోంచో, అదే కొమ్ములోంచో, మొత్తానికి దానిలోంచే తీసి దానికే పెట్టాం. ఆ తర్వాత నీళ్ళు తడిపి గరుకు కాయితాలు: 400, 800, 1500, 2000. చివర బంగారానికి మెరుగుపెట్టే మెత్త గుడ్డ. నాకు చేతులు పడిపోయాయి గానీ, కిటికీ దగ్గర ఎండకు పెట్టి చూస్తే నలుపులోపల తేనెరంగు చార ఒకటి కనిపించింది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడని చార.

మామ కూలి తీసుకోలేదు. డీఏపీ బస్తా ఒకటి వచ్చే నెలదాకా అప్పు పెట్టుకో అన్నాడు. మీ లైసెన్సు ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి.

ఇప్పుడు తమరు మళ్ళీ బీరువాలో ఉన్నారు. చెక్కలకు పలచగా మైనం పూసి, మరను వేలితో తిప్పగలిగినంతే తిప్పి ఆపాను. ఈసారి స్థానిక ఎన్నికలకు కోడ్ వస్తే మామూలుగానే తమరిని గుడ్డలో చుట్టి అప్పజెబుతాను. ఆ ముందురోజు రాత్రి మాత్రం మర విప్పి, రెండు చెక్కలూ తీసి, జేజి ఈర్పెన పక్కన ట్రంకుపెట్టెలో పెట్టుకుంటాను. రసీదులో "పిడి లేదు" అని రాయమంటాను. తమరు ఉత్త ఎముకలతో వెళ్ళి రండి.

ఇట్లు,
మీ లైసెన్సుదారుడు
(మరో నాలుగేళ్ళ మూడు నెలలు)