గాలం పట్టిన ఆడవాళ్లకు చెరువు కట్ట మీద చోటుందా?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు మన దేశంలో వేట పూర్తిగా ఆగిపోలేదు. లైసెన్సు తీసుకుంటే కొన్ని జంతువులను వేటాడే వీలు ఆ తర్వాత కూడా ఉండేది. 1991లో చట్టాన్ని సవరించి ఆ దారి మూసేశారు. అదే ఏడాది అమెరికాలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం స్టీవెన్స్ పాయింట్ క్యాంపస్‌లో, క్రిస్టీన్ థామస్ అనే ప్రొఫెసర్ ఆడవాళ్ల కోసం ఒక శిబిరం మొదలుపెట్టారు. తుపాకీ జాగ్రత్తగా పట్టుకోవడం, జింక జాడ కనిపెట్టడం, గాలం వేయడం అక్కడ నేర్పిస్తారు. 'బికమింగ్ యాన్ ఔట్‌డోర్స్‌ఉమన్' పేరుతో ఆ శిబిరాలు తర్వాత చాలా రాష్ట్రాలకు పాకాయి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం నాకు మా వదిన వల్ల వచ్చింది. ఆమె హనుమకొండలో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక విస్కాన్సిన్‌లో స్థిరపడింది. యాభై దాటాక ఆమెకు వేట మీద, చేపలు పట్టడం మీద ఇష్టం పుట్టింది. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అక్కడ వేటకు వెళ్లాలంటే ముందు శిక్షణ తీసుకొని పరీక్ష పాసవ్వాలి. ఆమె అదీ పాసైంది. ఇప్పుడు వాళ్లమ్మను చూసుకోవడానికి కొన్ని నెలలు ఇక్కడే ఉంటోంది. గాలం పెట్టెలో సర్దుకొని తెచ్చుకుంది. బంధువులకు ఇది మింగుడు పడలేదు. "ఈ వయసులో ఇదేం పని, నలుగురిలో చెప్పకు" అని పెద్దవాళ్లు మందలించారు. ఆమె అడిగింది మాత్రం చిన్న ప్రశ్న: "ఇక్కడ నేను ఎక్కడ కూర్చోవాలి?"

ఆమె చెప్పేది కుదురుగా వింటే అందులో చంపడం గురించిన మాటలు తక్కువ. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, మంచులో పడిన డెక్కల గుర్తు ఈ పొద్దుటిదా నిన్నటిదా తేల్చుకోవడం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం గురించే ఎక్కువ చెబుతుంది. ఆ కాసేపూ ఎవరికీ టీ పెట్టాల్సిన పని లేదు, ఎవరి టైమ్ ప్రకారమూ లేవాల్సిన పని లేదు. మన దగ్గర యాభై ఏళ్ల ఆడవాళ్లకు గుడి ఉంది, యాత్రలున్నాయి, భద్రకాళి బండ్ మీద వాకింగ్ ఉంది. కానీ ఒక విద్యను మొదటి అక్షరం నుంచి నేర్చుకునే చోటు, తడబడినా ఎవరూ నవ్వని చోటు వాళ్లకు ఎక్కడుంది? అందుకే ఆమె ఉత్సాహాన్ని పిచ్చి అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను.

అయినా వేట సంగతిలో నా మాట స్పష్టం. తుపాకీతో వేట ఇక్కడ కుదరదు, కుదరకూడదు.

విస్కాన్సిన్‌లో తెల్లతోక జింకలు లెక్కకు మించి ఉన్నాయి. వాటిని తినే తోడేళ్లు ఎక్కువగా ఉత్తరాది అడవుల్లోనే మిగిలాయి. జింకలు పంటల మీద పడతాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం వస్తాయి. నవంబరులో తొమ్మిది రోజుల తుపాకీ వేట అక్కడ ఊరూవాడా కదిలే పండుగలాంటిది, మందను అదుపులో ఉంచే మార్గం కూడా. పైగా 1937 నాటి ఒక చట్టం ప్రకారం తుపాకులు, తూటాల అమ్మకాల మీద 10, 11 శాతం పన్ను వేసి, ఆ డబ్బును అడవి జంతువుల సంరక్షణకు ఖర్చు పెడతారు. అంటే వేటగాడే సంరక్షణకు పైసలు కడతాడు.

మన అడవి లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్‌కు మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు వస్తుంటాయి. వచ్చిన పులి నిలబడాలంటే దుప్పులు, కణుజులు, అడవిపందులు కడుపునిండా దొరకాలి. పులి తిండిలో మనిషి సరదాకు వాటా అడిగే స్థితిలో కవ్వాల్ గానీ, ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు గానీ లేవు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చనిపోయి కనిపించాయి. అలాంటి చోట ఒక్క దుప్పి కూడా లెక్కలోకి వచ్చేదే.

ఇంకో సంగతి, వేట అనగానే ఈ ప్రాంతంలో కొందరికి దొరల షికారు గుర్తొస్తుంది. తాత పట్టుకున్న తుపాకీ, గోడ మీద కొమ్ములు, వాటి చుట్టూ కథలు. జంతువును పొదల్లోంచి తరమడానికి డప్పులు కొడుతూ అడవిలో నడిచింది మాత్రం వెట్టి జనం. ఆ షికారుకు ఇప్పుడు ఆడపేరు పెట్టి తిరిగి తెస్తే అది ఆడవాళ్ల ముందడుగు అని నేను అనుకోను.

చట్టం ఎంత గట్టిగా ఉన్నా వేట జరుగుతూనే ఉంది. పొలం చుట్టూ, అడవి దారుల్లో కరెంటు తీగ లాగి అడవిపందిని చంపే పద్ధతి మన జిల్లాల్లో మామూలైపోయింది. ఆ తీగ తగిలి రైతులు చనిపోతున్నారు, పశువులు చనిపోతున్నాయి, పులులకూ అదే గండం. పంట పాడుచేసే అడవిపందుల బాధ నిజమైనది. మక్కచేను కాపలాకు రాత్రంతా మంచె మీద ఉండేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. పంటకు ప్రమాదమైన జంతువును అధికారి లిఖితపూర్వక అనుమతితో చంపే వీలు చట్టంలోని 11వ సెక్షన్‌లో ఉంది. ఆ వీలు రైతు కోసం. "ఆ పని మాకివ్వండి, మాకు తుపాకీ వచ్చు" అని పట్నం నుంచి వచ్చే ఉత్సాహవంతులకు దాన్ని తెరిస్తే, రైతు కష్టం పేరు చెప్పి షికారు మళ్లీ మొదలవుతుంది.

మరి వదిన నేర్చుకున్న జాడ చదివే విద్య వృథా పోవాలా? అక్కర్లేదు. దేశవ్యాప్తంగా నాలుగేళ్లకోసారి పులుల లెక్క తీస్తారు. అడుగుల గుర్తులు, పెంటిక, చెట్ల మీద గోళ్ల గీతలు వెతుకుతూ కిలోమీటర్ల కొద్దీ నడవాలి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్లుగా చేరిన ఆడపిల్లలు ఇప్పటికే ఆ పని చేస్తున్నారు. అడవి అంటే ఇష్టమున్న మామూలు ఆడవాళ్లను కూడా వాళ్ల వెంట నడవనిస్తే, వేటలోని సగం ఆనందం దొరుకుతుంది. తూటా అవసరం రాదు.

అడవితో ఆడవాళ్లకున్న సంబంధం కొత్తగా దిగుమతి చేసుకోవాల్సింది కూడా కాదు. వేటకు పోయిన కోయదొరలకు పులుల నడుమ ఆడుకుంటూ దొరికిన పసిబిడ్డే సమ్మక్క అని మేడారం కథ చెబుతుంది. గోదావరి పక్కన కోయగూడేల్లో విజ్జ పండుగప్పుడు మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారికి అడ్డం నిలబడి పాటలు పాడుతూ వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు అడుగుతారు. ఉత్త చేతులతో వచ్చిన మగవాణ్ని ఆట పట్టిస్తారు. ఆ పండుగలో కూడా విల్లు మగవాళ్ల చేతిలోనే ఉంటుంది, నిజమే. జార్ఖండ్‌లో మాత్రం ఉరావ్ తెగ ఆడవాళ్లు పన్నెండేళ్లకోసారి మగవేషం కట్టి 'జనీ షికార్'కు బయల్దేరతారు.

ఇక చేపలు. ఇక్కడ వదినకు దారి ఉంది, కానీ ఆ దారి వేరేవాళ్ల వాకిలి మీదుగా పోతుంది.

తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో వాటిలో చాలావాటి పూడిక తీశారు. 2016-17 నుంచి ప్రభుత్వం బొచ్చె, రవ్వ, మోసు పిల్లలను ఉచితంగా చెరువుల్లో వదులుతోంది. ఆ చేపలు పెరిగితే పట్టుకునే హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల బతుకు దాని మీదే. అందుకని కట్ట మీద ఖాళీ జాగా కనిపించింది కదా అని గాలం వేసి కూర్చుంటే, ఒక కుటుంబం చేనులో కంకి విరిచినట్టే. పట్నం నుంచి సరదాగా వచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. వదినకూ తెలియదు. నర్సంపేట వైపు ఒక ఊరి చెరువు దగ్గర సంఘం మనిషి ఆమెను ఆపి, కోపం లేకుండానే అడిగాడు: "పట్టుకొని మల్ల నీళ్లల్ల ఇడిసిపెడుతవా అక్కా? గట్లయితే చేపకు దెబ్బ, మాకు నష్టం. నీకొచ్చేదేంది?"

ఆ ప్రశ్నకు జవాబు ఉండాల్సిందే. అమెరికాలో పట్టి వదిలేయడం మర్యాద. అక్కడి సరస్సులో చేప అందరిదీ, లైసెన్సు డబ్బుతో ప్రభుత్వం దాన్ని కాపాడుతుంది. ఇక్కడి చేప ఒకరి రాబడి. కొక్కెం గుచ్చుకొని గాయపడ్డ చేపను తిరిగి వదలడం సంఘానికి మర్యాదగా కనిపించదు. కాబట్టి పట్టిన చేపకు ధర కట్టి తీసుకుపోవాలి. ఇంకా మంచి దారి ఒకటుంది. మన చెరువుల్లో జిలేబి (తిలాపియా) చేప విపరీతంగా పెరిగిపోయింది. అది తొందరగా పిల్లలు పెడుతుంది, బొచ్చె, రవ్వల తిండికి పోటీ వస్తుంది, మార్కెట్లో వాటంత ధర పలకదు. ఎర్రను (వానపామును) గుచ్చితే గాలానికి బాగా పడుతుంది. సరదాగా పట్టేవాళ్లను ముందు దాని మీదికి మళ్లిస్తే సంఘానికీ మేలే.

సంఘాలే రోజు టికెట్టు పెట్టాలన్నది నా ప్రతిపాదన. హిమాచల్‌ప్రదేశ్‌లో ట్రౌట్ చేప పట్టడానికి మత్స్యశాఖ ఎప్పటినుంచో పర్మిట్లు ఇస్తోంది. అమెరికాలో 1950 నుంచి గాలాలు, రీళ్ల మీద పన్ను వేసి చేపల పెంపకానికే పెడుతున్నారు. మన దగ్గర ఆ డబ్బు నేరుగా సంఘం ఖాతాలో పడాలి. చేపలు గుడ్లు పెట్టే తొలి వానల్లో ఆపేయాలి. చెరువు మత్తడి దుంకుతున్నప్పుడు ఎవరినీ కట్ట దిగనివ్వకూడదు. పాకాల లాంటి చోట అటవీ శాఖ నియమాలు కూడా ఉంటాయి, అక్కడ ముందు వాళ్ల అనుమతి కావాలి.

టికెట్టు సులువైన భాగం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే విషయం. పట్నపు ఆడమనిషికి గాలం సరదా గురించి ఇంత మాట్లాడుతున్నాం, చెరువు పక్కనే పుట్టిన ఆడవాళ్ల సంగతేమిటి? వల మగవాడు వేస్తాడు. ఒడ్డుకు వచ్చిన చేపను ఏరి, గంపకెత్తి, ఊరూరా తిరిగి బేరమాడి అమ్మేది ఆమె. అంగడిలో పొలుసు గీకి ముక్కలు కోసేదీ ఆమే. మృగశిర కార్తె నాడు వరంగల్‌లో చేపల కోసం జనం ఎగబడతారు, ఆ పొద్దంతా కత్తిపీట ముందు నుంచి లేవనిది ఆమే. ఇంత చేసినా చాలా ఊళ్లలో సంఘం సభ్యుల జాబితాలో ఉండేది భర్త పేరు, కొడుకు పేరు.

దీనికి ఒక కారణం సభ్యత్వం ఇచ్చే పద్ధతిలోనే ఉంది. కొత్తగా చేరాలంటే నైపుణ్య పరీక్ష పెడతారు. ఈత కొట్టాలి, వల విసరాలి, వల అల్లి చూపించాలి. పరీక్ష పెట్టడం తప్పు కాదు, నీటి మీద పని ప్రమాదమైన పని. కానీ ఆడపిల్లకు ఈత నేర్పే ఊరు ఏది? తమ్ముడు చెరువులో దుముకుతుంటే అక్క ఒడ్డున బట్టలు ఉతికింది. ఆ అక్కనే ముప్పై ఏళ్లకు పిలిచి ఈదమంటే ఎలా? మహిళా మత్స్య సంఘాలు కొన్ని ఉన్నాయి. వాటిలో కూడా ఆడవాళ్ల పని ఎక్కువగా అమ్మకం దగ్గరే ఆగుతోంది. చేపలు అమ్ముకునే సంచార వాహనాలు మహిళా సంఘాలకు ఇస్తున్నారు, అది మంచిదే. అమ్మకం ఆమెకు ముందే వచ్చు. ఆమెకు రానివ్వనిది నీళ్లలోకి దిగడం.

ఇక్కడే వదిన లాంటివాళ్ల ఉత్సాహానికి ఇంకో విలువ ఉందని నేను నమ్ముతాను. ఆడమనిషి గాలం పట్టుకొని కట్ట మీద ధైర్యంగా కూర్చోవడం ఊరికి అలవాటైతే, ఆడమనిషి తెప్ప మీద నీళ్ల మధ్యకు పోవడం కూడా వింతగా అనిపించదు. దానంతట అదే జరుగుతుందని నేను అనను. డబ్బున్న ఆడవాళ్ల సరదా పేద ఆడవాళ్ల హక్కుగా తనంత తాను మారదు. లక్నవరంలో బోట్లు, రిసార్టులు వచ్చాయి, చూడటానికి బాగుంది. కానీ ఏ చెరువు దగ్గరైనా పర్యాటకుల వల్ల వలకు జాగా తగ్గిపోతే, ముందు నష్టపోయేది గంప ఎత్తే మనిషే. గాలం టికెట్టు కూడా అదే దారి పట్టకూడదంటే, దాని లెక్క మొదటి రోజు నుంచే ఆడవాళ్ల చేతిలో ఉండాలి.

జింకను చంపితే తప్పు, చేపను చంపితే తప్పు కాదా అని అడిగేవాళ్లున్నారు. ప్రాణం ప్రాణమే, నేను కాదనను. కానీ చెరువులోని బొచ్చె మనిషి పిల్లగా తెచ్చి వదిలింది, ఏడాదికి మళ్లీ వదులుతాడు. ఆ తిండి మీద లక్షల కుటుంబాలు ఆధారపడ్డాయి. దుప్పిని అడవిలో ఎవరూ తెచ్చి వదల్లేదు. నాటుబాంబుతోనో మందు కలిపో చేపలను చంపడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఆ హద్దు దాటనంతవరకు గాలంతో ఒక్కో చేపను పట్టడాన్ని నేను సమర్థిస్తాను.

ఈ పని ఒక్క చెరువుతో మొదలుపెట్టవచ్చు. వరంగల్, ములుగు జిల్లాల్లో ఇష్టపడిన ఒక సంఘం ఎండాకాలంలో, నీళ్లు తగ్గి కట్ట దగ్గర నిలబడటానికి భయం లేని నెలల్లో, వారానికి కొన్ని రోజులు టికెట్టు పెట్టి చూడాలి. ధర ఎంతన్నది సంఘం సర్వసభ్య సమావేశం తేల్చాలి, ఆ సమావేశంలో చేపలమ్మే ఆడవాళ్లు కూర్చోవాలి. వచ్చిన డబ్బులో మొదటి ఖర్చుగా ఆ ఊరి ఆడపిల్లలకు, కోడళ్లకు ఈత నేర్పే మనిషిని, లైఫ్ జాకెట్లను ఏర్పాటు చేయాలి. నేర్పేది ఆడమనిషే అయితే ఇంకా మంచిది. మత్స్యశాఖ వచ్చేసారి సభ్యత్వానికి పరీక్ష పెట్టేటప్పుడు, ఈత నేర్చుకుంటున్నవాళ్లకు గడువు ఇచ్చి పేర్లు ముందే రాసుకోవాలి. టికెట్టు ఎంతైనా కడతానని వదిన అంటోంది, తీసుకునే సంఘం కోసం చూస్తున్నాం.