కిల్టు కింది సంగతి

ఎడింబరోలో ఉంటున్నామని తెలిసిన ప్రతి చుట్టమూ ఎప్పుడో ఒకప్పుడు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. ఈసారి అడిగింది మా బావమరిది. ఆఫీసు మిత్రుడి పెళ్ళికి నేను కిల్టు, అదే స్కాట్లండ్ మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లంగా, కట్టుకుంటున్నానని వాళ్ళక్క ముందే ఊదేసింది.

"బావా, మరి దాని కిందా..." అని నసిగాడు.

"బూట్లు," అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు గానీ నేను జోకు వెయ్యలేదు. వారం రోజులుగా నా ఏడుపంతా ఆ బూట్ల గురించే.

కిల్టుదేముంది, అద్దెకిస్తారు. ఎనిమిది గజాల ఉన్నిగుడ్డ. కుచ్చిళ్ళు వెనక్కి రావాలి, ముందు వైపు చదునుగా ఉండాలి, అంచు మోకాలి చిప్ప మధ్యకి దిగాలి. ఆరు గజాల చీరకి కింద కూర్చుని కుచ్చిళ్ళు పట్టుకున్న అనుభవం ఉన్నవాణ్ణి, ఎనిమిది గజాలకి బెదురుతానా? చిక్కంతా అక్కడినించి కిందకే. ప్యాంటు మహా దయగలది, బూటుని సగం దాచేస్తుంది. కిల్టుకి ఆ దాక్షిణ్యం లేదు. మోకాలి నించి బొటనవేలి దాకా అంతా ఎగ్జిబిషనే. అందులోనూ నావి పిక్కల్లేని కాళ్ళు. మీగడరంగు మేజోళ్ళు తొడిగితే సున్నం కొట్టిన వెదురుబొంగుల్లా ఉన్నాయి.

కాకినాడలో ప్లీడరీ చేసిన మా తాతగారి ఫొటో ఒకటి ఇంట్లో ఉండేది. తలపాగా, నల్లకోటు, పంచె, ఆ పంచె కింద తళతళలాడే నల్ల బూట్లు. చిన్నప్పుడు పిల్లలమంతా దాన్ని చూసి పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ పాపం ఊరికే పోతుందా?

షాపువాళ్ళు కిల్టుతోబాటు గిల్లీ బ్రోగ్స్ అనే జోళ్ళు ఇచ్చారు. వేటకీ చేపలు పట్టడానికీ వెళ్ళే దొర వెంట నడిచే మనిషిని గిల్లీ అంటారు. బ్రోగ్ అంటే గేలిక్‌లో, అంటే స్కాట్లండ్ పాత భాషలో, జోడు. ఈ బూటుకి నాలుక ఉండదు. తడినేలల్లో తిరిగేవాళ్ళవి గనక నీళ్ళు పోయి తొందరగా ఆరాలని అలా చేశారని చెబుతారు. నాలుక లేకపోయినా ఆ రోజంతా అది నన్ను అనని మాట లేదు. లేసులంటారా, మా ఊళ్ళో దూడని కట్టేసే పలుపుకి ఏమాత్రం తీసిపోవు.

పెళ్ళి పెర్త్‌షైర్‌లో ఒక పల్లెటూరి చర్చిలో. అక్టోబరు, సన్నటి వాన. పొద్దున్నే లేచి ముందు కిల్టు కట్టుకున్నాను. అది మొదటి తప్పు. కిల్టు పట్టీలు ప్యాంటులా నడుం కింద కాదు, దాదాపు బొడ్డు దగ్గర బిగించాలి. బిగించాక వంగుదామంటే ముందు ఊపిరి ఒప్పుకోదు, తరవాత వెనక కుచ్చిళ్ళు ఒప్పుకోవు. వెనక్కి తిరిగి అద్దంలో చూసుకుని టక్కున నిటారైపోయాను. "మేజోళ్ళూ బూట్లూ ముందు, కిల్టు తరవాత" అని షాపువాళ్ళు కాయితం మీద రాసే ఇచ్చారు. ఆ కాయితం బూట్లపెట్టె అడుగున ఉంది.

స్కాట్లండ్ తిరుగుబాటుదార్లు ఓడిపోయిన కులోడెన్ యుద్ధం అయ్యాక, 1746లో బ్రిటిష్ పార్లమెంటు స్కాట్లండ్‌లో సైనికులు తప్ప మగవాళ్ళెవరూ ఈ హైలాండ్ (కొండసీమ) వేషం వెయ్యకూడదని చట్టం చేసింది. 1782 దాకా ఎత్తెయ్యలేదు. ఎంత అన్యాయం అనుకునేవాణ్ణి. ఆ పొద్దున్న మాత్రం పార్లమెంటు వారి మీద కాస్త గౌరవం కలిగింది.

చివరికి లేసులు కట్టే పని మా ఆవిడ మీద పడింది. ఆవిడ తనకి తోచినట్టు, కత్తెర వేసుకుంటూ మోకాలి దాకా చుట్టి ముడేసింది.

"ఏమండీ, అచ్చం పౌరాణిక నాటకంలో దుర్యోధనుడిలా ఉన్నారు," అంది. మెచ్చుకోలే అనుకున్నాను.

దుర్యోధనుడు చర్చి ముందు కంకర మీద పది అడుగులు నడిచాడో లేదో, లేసులు జారి చీలమండల దగ్గర కుప్పపడ్డాయి. పదకొండో అడుగుకి ఎడమకాలి లేసు కుడికాలి కింద పడింది. పక్కనే ఉన్న సమాధిరాయి పట్టుకోబట్టి గానీ, లేకపోతే అక్కడే నాక్కూడా ఒకటి లేపేవారు.

అదృష్టమో దురదృష్టమో, కారు డిక్కీలో నా కొండబూట్లున్నాయి. ఫుట్‌బాల్ మ్యాచ్ రోజుల్లో కిల్టూ కొండబూట్లూ వేసుకున్న కుర్రాళ్ళు స్టేషన్లో గుంపులుగా కనిపిస్తారు, బ్రహ్మాండంగా ఉంటారు కూడా. ఇంకేం! మార్చేసుకున్నాను. మా ఆవిడ వెంటనే ఫొటో తీసింది. ఆ ఫొటో సంగతి తరవాత.

చర్చి గుమ్మంలో పెళ్ళికొడుకు మేనమామ, డెబ్బై దాటిన మనిషి, చెయ్యి కలిపి మెల్లిగా చూపు కిందికి దించాడు. అట్టలు కట్టుకుపోయిన బురద, పసుపూ నలుపూ లేసులు.

"ఏ కొండ నాయనా? పెళ్ళికి ముందు ఎక్కుతావా, అయ్యాకా?"

ఆయన తప్పు పట్టలేదు, విడమరిచి చెప్పాడు. స్వెట్టరూ కిల్టూ అయితే కొండబూట్లు దివ్యంగా నప్పుతాయట. దిట్టమైన మేజోళ్ళు బూటు మీదకి మడిచి దింపాలి, అంతే. కానీ నేను వేసుకున్నది పెద్ద వేడుకలకి వేసే వెండిగుండీల ప్రిన్స్ చార్లీ కోటు, బో టై. దాని కింద ఈ బూట్లు... ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. పట్టుపంచె కింద పొలం గమ్‌బూట్లని నేనే పూరించుకున్నాను.

నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళి డిక్కీ అంచున కూర్చోబెట్టి, తను తడినేల మీద ఒక మోకాలు ఆనించి కూర్చున్నాడు. నా ప్రాణం గిలగిల్లాడింది. మా పెళ్ళిలో మా మామగారు నా కాళ్ళు కడిగారు, నిజమే. దానికి శాస్త్రం ఉంది, పక్కన పురోహితుడున్నాడు. ఇక్కడ ఏ మంత్రమూ లేకుండా ఒక పెద్దాయన నా పాదం పట్టుకుంటే ఎక్కడ చూడాలో తెలియక చర్చి గంట కేసి చూశాను. ఆయన ఆ గిల్లీ జోళ్ళే మళ్ళీ తొడిగించి, లేసుల్ని లాగి, పాదం మీద నాలుగైదు మెలికలు తిప్పి, చీలమండకి పైన ఒక్క చుట్టు వెనక్కి పోనిచ్చి, ముందుకి తెచ్చి ముడేశాడు. కుచ్చులు ముందు వైపు వేలాడాయి. పిక్క జోలికే పోలేదు. రెండు కాళ్ళకీ కలిపి రెండు నిమిషాలు పట్టలేదు.

రాత్రి కేలీ, అంటే స్కాట్లండ్ వాళ్ళ గుంపు నాట్యం, మొదలైంది. స్ట్రిప్ ద విల్లో అనే దాంట్లో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని ఎటు విసిరేస్తారో వాళ్ళకే తెలియదు. ఆ సుడిలో ఒక చెయ్యి నన్ను గిర్రున తిప్పింది. చూద్దును కదా, మేనమామే. కోటు లేదు. కాళ్ళకి కొండబూట్లు!

"ఫొటోలైపోయాయిగా!" అని అరిచి నన్ను అవతలివాళ్ళ మీదకి తోసేశాడు.

నా ఫొటో మాత్రం అప్పటికే మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. "కింద ఏముందో ఊరంతా చూసింది బావా" అని బావమరిది పెట్టాడు. మర్నాడు అమ్మ ఫోన్ చేసింది.

"అంతా బాగానే ఉందిరా, ఆ బూట్లేవిట్రా? మీ తాతగారు కనీసం పాలిషు పెట్టించుకునేవారు."