సెవిచే ఎందుకప్పా, వీచే పెట్టండి

దక్షిణ అమెరికా వంట అనగానే మెనూలో మొదట సెవిచే, అంటే నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేప, ఎక్కిస్తారు. అనంతపురంలో ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే హోటల్లో ఆ పని చేస్తే తలనొప్పి కొని తెచ్చుకున్నట్టే. నిమ్మరసంలో నానితే చేప తెల్లబడి గట్టిపడుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. లోపలి పురుగు మాత్రం చావదు.

సముద్రం లేని మన ఊళ్లో ప్రాణంతో దొరికేది కొర్రమీను. గాలి పీల్చే చేప, నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతుంది. కూరకు దాన్ని మించింది లేదు. పచ్చిగా తింటే మాత్రం గ్నాథోస్టోమా అనే పురుగు ఒంట్లో చేరి చర్మం కింద పాకొచ్చు. ఈక్వడార్‌లోనూ మంచినీటి చేపల సెవిచే తిని ఆ జబ్బు తెచ్చుకున్నవాళ్లున్నారు. పచ్చి చేప వడ్డించాలంటే ముందు మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలంటుంది అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ. కరెంటు పోతూ వస్తూ ఉంటే మామూలు ఫ్రీజర్‌ను నమ్మి ఆ పని చేస్తారా? సెవిచే ఉండి తీరాలంటే రొయ్యలు 2 నిమిషాలు ఉడికించి, ఐసు నీళ్లలో వేసి, ఆపైన నిమ్మరసం పిండండి. ఈక్వడార్ వాళ్లదీ అదే పద్ధతి, నామోషీ ఏం లేదు.

మన సరుకుకు సరిపోయే వంట ఆ దేశంలోనే, మనాబి తీరంలో ఉంది. పేరు వీచే, చెనిక్కాయలతో చేసే చేపల పులుసు. చెనిక్కాయ పుట్టిందే దక్షిణ అమెరికాలో, మన జిల్లాలో ఎటు చూసినా ఆ పంటే. అయినా మెనూలో దానికి చోటు లేదు!

నలుగురికి ముప్పావు కిలో చేప, 150 గ్రాముల చెనిక్కాయ గింజలు. గింజలు సన్న సెగమీద వేయించి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బాలి. మాడితే చేదు, ఇక దేంతోనూ పోదు. చేప తల, ముళ్లు లీటరున్నర నీళ్లలో 20 నిమిషాలు కాచి వడగట్టండి. ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర, క్యాప్సికం నూనెలో మగ్గించి ఆ నీళ్లు పోసి కర్రపెండలం, మొక్కజొన్న ముక్కలు, అరటికాయ ఉడికించాలి. చెనిక్కాయ ముద్దను నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. గరిటెడు వేడినీళ్లలో కలిపి పోయండి. అక్కడినుంచి అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. చేప ఆఖర్న, 6 నుంచి 8 నిమిషాలు, గరిటె పెట్టొద్దు. దించాక కొత్తిమీర, నిమ్మరసం. చింతపండు జోలికి పోవద్దు. కారం గిన్నెలో వేరుగా. పక్కన రాగిసంగటి పెడితే ఈక్వడార్ వాళ్లు కూడా కాదనరు.

రాగండి, బొచ్చె చవకే గానీ సన్నముళ్లు చిక్కటి పులుసులో కనబడవు, గొంతులో గుచ్చుకుంటాయి. హోటల్లో అయితే చేప వేయకుండా పులుసు వరకు చేసి ఉంచి, ఆర్డరొచ్చాకే ముక్కలు వేయండి. ఆరాక చిక్కబడితే వేడి చేపనీళ్లతో పలచన చేయండి, పచ్చినీళ్లు పోస్తే రుచి చస్తుంది.