బొమ్మిడాల పులుసుకు బ్రహ్మరథం

మా నెల్లూరులో ఏటా ఉగాదికి కథల పోటీ పెట్టే సాహితీ మిత్రులకు ఈసారి పాతికేళ్లు నిండాయి. పాత విజేతల్లో మహా విజేతను తేల్చాల్సిందేనని అధ్యక్షులు మాస్టారు పట్టుబట్టారు. ఆయనకు ఇంగ్లిషు నవలలకిచ్చే బుకర్ బహుమతి చరిత్రంతా కంఠతా. 1993లో బుకర్‌కి పాతికేళ్లయితే, పాత న్యాయనిర్ణేతలు ముగ్గురు కూచుని 1981లో గెలిచిన సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’కే పట్టం కట్టారు. 2008లో జనం ఓట్లేసినా అదే. 2018లో దశాబ్దానికొకటి చొప్పున ఐదు పుస్తకాలు వడగట్టి ఓటింగు పెడితే, ఆ ఐదింట్లో రష్దీయే లేడు! 1992లో బహుమతిని ఇంకొకరితో పంచుకున్న మైకేల్ ఒండాట్జీ ‘ది ఇంగ్లిష్ పేషెంట్’ ఎగరేసుకుపోయింది.

మాకూ పాత న్యాయనిర్ణేతలున్నారు గానీ, వాళ్లలో వాళ్లకే మాటల్లేవు. ఇక జనం ఓటే గతి అనుకున్నారు. కోశాధికారి వాట్సాప్‌లో ‘ఆదివారం సభ, అనంతరం భోజనాలు’ అని పెట్టి, దాని కిందే పోల్ తగిలించాడు: ‘మీ ఓటు దేనికి?’ ఎండమావి, పెన్న పొంగు, బొమ్మిడాల పులుసు, ఆఖరి బస్సు. ఇవి కథల పేర్లని మాత్రం ఎక్కడా రాయలేదు.

పొద్దుగూకేసరికి పులుసు దుమ్ము లేపింది. గుడ్‌మార్నింగ్ పూలు తప్ప ఇంకేమీ పంపనివాళ్లు కూడా నోరు విప్పారు. ‘మామిడికాయ పులుపు సరిపోవాల’ అని ఒకరు, ‘ముందురోజు రాత్రే కాస్తే బాగా ఊరుద్ది’ అని ఇంకొకరు.

మాస్టారు మురిసిపోయారు. ‘చూశావంటయ్యా, పాఠకుడు ఎంత లోతుకెళ్లాడో!’

2008లో ఓటేసినవాళ్లంతా జాబితాలోని ఆరు నవలలూ చదివే వేశారంటే నేనూ నమ్మన్లెండి.

ఆదివారం హాలు ఎన్నడూ లేనంత కిటకిటలాడింది. శాలువా కప్పగానే వెనక వరసలోంచి కేక:

‘శాలువా సరేనా, పులుసు యాడుండాది?’

వంటశాలలో ఉన్నది పులిహోరా దద్దోజనమూ. గోల మొదలైంది. ‘పెన్న పొంగు’ రచయిత పోల్ రద్దు చెయ్యమని మైకు లాక్కున్నాడు గానీ, వినే నాథుడేడీ? కోశాధికారి స్కూటరు మీద ట్రంకు రోడ్డుకు పరుగెత్తి, ఓ మెస్సులో ఉన్న పులుసంతా క్యాన్లకు పోయించుకొచ్చాడు. బిల్లు కట్టింది బహుమతి కవర్లోంచే.

విజేత ఏమీ అనలేదు. ఆయన శాకాహారి. పులిహోర మారు వడ్డించుకుంటూ, ‘ఆ కథ పక్కింటోళ్ల వాసన పట్టుకుని రాసింది సార్’ అన్నాడు.