నాన్నగారికి తెలియకుండా నాన్నగారి షష్టిపూర్తి

అరవై ఏళ్లు నిండిన పెద్దమనిషిని చీకటి గదిలోకి తోసి, ఠక్కున లైట్లు వేసి, యాభై మంది ఒక్కసారిగా అరిస్తే ఆయనకు ఆనందం కలుగుతుందన్న సిద్ధాంతం మన మధ్యతరగతి ఇళ్లలో స్థిరపడిపోయింది. ఆయనకు బీపీ మాత్ర ఉందనీ, గుండెలో స్టెంటు ఉందనీ అందరికంటే బాగా తెలిసినవాళ్లే ఈ ఏర్పాటు చేస్తారు. ప్రేమ ముదిరినచోట డాక్టరు మాట చెల్లదు. కాబట్టి సర్‌ప్రైజు పార్టీలు మానుకోండని చెప్పే సాహసం ఇక్కడ ఎవరూ చేయడం లేదు. చేసేదేదో శాస్త్రోక్తంగా చేయండని మాత్రమే మనవి.

శాస్త్రం అన్నాం కనుక ముందు ఆ చిక్కే చూద్దాం. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు ఒక చుట్టు తిరిగి, పుట్టిన ఏడాది పేరు మళ్లీ వస్తే షష్టిపూర్తి. 1966 ఉగాదికి మొదలైన పరాభవ 2026 ఉగాదికి తిరిగొచ్చింది గనుక ఇప్పుడు ఆ బ్యాచి వంతు. గణపతి పూజ, పుణ్యాహవాచనం, ఉగ్రరథ శాంతి, హోమం, కలశాల నీళ్లతో దంపతులకు స్నానం, ఆపైన మళ్లీ మాంగల్యధారణ, తలంబ్రాలు. మొదటి నుంచి చివరిదాకా ఆయన పీటల మీద ఉండి తీరాలి. పెళ్లికొడుక్కి చెప్పకుండా పెళ్లి చేసేయడం తాతల కాలంలో చెల్లిందేమో గానీ, గోత్రనామాలు ఎవరివో ఆయనకే చెప్పకుండా సంకల్పం చెప్పించడానికి ఏ పురోహితుడూ ఒప్పుకోడు. అందుకని పిల్లలు మధ్యేమార్గం కనిపెట్టారు. పొద్దున పూజ బహిరంగం, సాయంత్రం పార్టీ రహస్యం. అంటే పొద్దున పట్టుపంచె కట్టుకుని, మెడలో దండతో, భార్యకు రెండోసారి తాళి కట్టిన మనిషి సాయంత్రానికల్లా తన పుట్టినరోజు సంగతి లోకమంతా మరిచిపోయిందని నమ్మాలి.

తేదీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆ తరంవాళ్లకు పుట్టినరోజులు మూడు. ఒకటి తిథి ప్రకారం వచ్చేది. దానికి ఇంగ్లీషు తేదీతో పొత్తు ఉండదు, అధిక మాసం అడ్డుపడితే మరీ జరుగుతుంది. రెండోది వాళ్లమ్మ గుర్తుపెట్టుకున్నది. మూడోది బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు దయతో రాసిచ్చినది. అందుకే జూన్, జూలై నెలల్లో పుట్టిన పెద్దవాళ్లు మన రాష్ట్రాల్లో అంతమంది కనిపిస్తారు. ఆధార్‌లో ఉన్నది ఆ మూడోదే. దాన్ని నమ్మి హాలు బుక్ చేస్తే ఆయన నిజంగానే ఆశ్చర్యపోతాడు. అసలు పుట్టినరోజు అయిపోయి నాలుగు నెలలవుతుంది మరి.

ఇక పిలుపులు. రహస్యం బద్దలయ్యేది సాధారణంగా ఇక్కడే. మన దగ్గర పెద్దవాళ్లను ఇంటికెళ్లి, బొట్టు పెట్టి, ఇంటి యజమాని నోటితో పిలవాలి. సర్‌ప్రైజు పార్టీలో ఆ యజమానికే సంగతి తెలియదు. డాలస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో కార్డు పంపి, కింద చప్పుడు చేయవద్దన్న వేలి బొమ్మ పెడతాడు. పెదనాన్నగారు ఆ కార్డును రెండు రోజులు చూసి, మూడో రోజు నేరుగా తమ్ముడికే ఫోన్ చేస్తారు. "ఏరా, షష్టిపూర్తి పార్టీ చేసుకుంటూ అన్నను పిలవడానికి నీకు నోరు రాలేదా?" ఇందులో పెదనాన్నగారి తప్పేమీ లేదు. రహస్యాన్ని కాపాడటం కంటే మర్యాదను కాపాడటం పెద్ద ధర్మం. కనుక 65 దాటిన ప్రతి బంధువు దగ్గరికీ అమ్మ స్వయంగా వెళ్లి, ఆయన తరఫున కూడా తానే పిలుస్తున్నానని చెప్పి, కాఫీ తాగి రావాలి. అన్నిసార్లు ఎక్కడికి వెళ్తున్నావని ఆయన అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర వేరే అబద్ధం సిద్ధంగా ఉండాలి.

పిలుపులు దాటినవాళ్లు బ్యాంకు దగ్గర దొరికిపోతారు. హాలు అడ్వాన్సు అమ్మ ఖాతాలోంచి కడతారు. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నెంబరు ఆయనది. ఓటీపీ ఆయనకే వెళ్తుంది. అది మోసగాళ్ల పనేనని ఆయన బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపేయిస్తాడు. క్యాటరింగువాళ్లకు మాత్రం కొడుకు నెంబరో, బావమరిది నెంబరో ఇస్తే సరిపోదు, ఆయన నెంబరు పొరపాటున కూడా వాళ్ల దగ్గర లేకుండా చూడాలి. లేకపోతే పార్టీ ముందురోజు "సార్, పనీరు 80 ప్లేట్లా, 100 ప్లేట్లా?" అని ఆయన్నే అడుగుతారు.

అసలు పరీక్ష ఆయన్ను హాలుకు తీసుకురావడం. బయటికెళ్దాం రమ్మంటే లుంగీ మీద చొక్కా తొడుక్కుని బయల్దేరతాడు. మంచి బట్టలు వేయించాలంటే మంచి అబద్ధం కావాలి. రిసెప్షన్ అంటే శుభలేఖ ఏదంటాడు, కవరులో 1116 పెట్టుకుంటాడు, దారిపొడుగునా ఎవరి పెళ్లని ఆరా తీస్తాడు. పైగా ఆషాఢంలోనో మూఢంలోనో ఈ అబద్ధమాడితే గోడ మీది క్యాలెండరు చూపించి నిలదీస్తాడు. ఆసుపత్రిలో ఎవరినో చూడాలంటే పాత చొక్కాతో, ఆపిల్ పళ్ల సంచితో వస్తాడు. అనుభవజ్ఞులు మెచ్చిన అబద్ధం ఒక్కటే: పాత సహోద్యోగి రిటైర్మెంటు ఫంక్షను. శుభ్రంగా తయారవుతాడు, భోజనం అక్కడేనని తెలుసు, శాలువా కప్పే పని ఉంటుంది. కానీ దీనికీ లెక్కలున్నాయి. కేంద్ర ప్రభుత్వంలో 60, తెలంగాణలో 2021 నుంచి 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62 ఏళ్లకు రిటైర్మెంటు. పైగా రిటైరయ్యేది నెల చివరి రోజున. కనుక 14వ తేదీన ఈ అబద్ధం పనికిరాదు. ఎవరు ఏ నెలలో రిటైరవుతారో ఆయనకు నోటికి వచ్చు.

టైము సంగతి అబద్ధం కంటే కష్టం. ఏడింటికి అంటే ఆయన ఆరున్నరకు గేటు దగ్గర ఉంటాడు. ఆరింటికి రమ్మన్న చుట్టాలు ఎనిమిదికి దిగుతారు. దానితో ఆయన్ను ఆశ్చర్యపరిచేది ఖాళీ హాలు, బుడగలు ఊదుతున్న ఇద్దరు కుర్రాళ్లు. పోనీ ఆయనకు ఎనిమిదిన్నర అని చెబితే ఏడున్నరకల్లా షుగరు మాత్ర వేసుకుని, రెండు పుల్కాలు, బీరకాయ కూర తినేసి త్రేన్చుతూ వస్తాడు. చుట్టాలకు అయిదున్నర, ఆయనకు ఏడుంబావు, బయల్దేరేటప్పుడు అమ్మకు తాళంచెవి కనబడకపోవడం. ఈ మూడూ కలిస్తేనే బండి గాడిన పడుతుంది.

ఇంట్లోనే చేద్దామనుకునేవారికి ఒక్క మాట: చెప్పులు. లోపల యాభై మంది ఊపిరి బిగబట్టి నిలబడతారు, గడప బయట వంద చెప్పులు వరసగా ఉంటాయి. వాటిని గోనెసంచిలో దాస్తే పార్టీ అయ్యాక జతలు కుదర్చడానికి ఇంకో పార్టీకి పట్టేంత సమయం పడుతుంది. పైవాటాలో వాళ్ల గుమ్మం ముందు విడవమనడం నయం. వాచ్‌మన్‌ను ముందే కలుపుకోవాలి. లేదంటే లిఫ్టు దగ్గరే "హ్యాపీ బర్త్‌డే సార్, మీవాళ్లంతా పైనున్నారు" అని ఆయనే శుభారంభం చేస్తాడు.

హాల్లో అయితే స్విచ్చు బోర్డు చూసుకోవాలి. దాని మీద ఇరవై నాలుగు స్విచ్చులుంటాయి, ఏదేమిటో రాసి ఉండదు. కీలక సమయంలో నొక్కితే వెలగాల్సిన స్టేజి లైట్లకు బదులు ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంది. కావలసిన దాని మీద సాయంత్రమే తెల్ల ప్లాస్టరు అంటించండి. చీకట్లో జనం రెండు నిమిషాలకు మించి మౌనంగా ఉండరు. ఆ తర్వాత ఎవరి ఫోనో మోగుతుంది.

కేకు 60 మందికి 5 కిలోలు చాలు, అందులో గుడ్డు లేనిది సగం. దాని మీద 60 కొవ్వొత్తులు గుచ్చకండి. ఆఖరిది వెలిగేసరికి మొదటిది కరిగి క్రీములో కలుస్తుంది. 6, 0 అంకెల కొవ్వొత్తులు రెండు చాలు. ఊది ఆర్పడం అశుభమని అత్తయ్యగారు అంటారు, కాబట్టి పక్కన కుందిలో దీపం వెలిగించి దాని జోలికి పోకండి. మంట దగ్గర స్నో స్ప్రే కొట్టనివ్వకండి. అందులో నురగను నెట్టేది అంటుకునే వాయువే. మొహం మీద కొట్టిన నురగ భగ్గుమంటుంది. రోడ్డు పక్కన అమ్మే గ్యాసు బుడగల్లో తరచూ ఉండేది హైడ్రోజన్, దానిదీ అదే స్వభావం. ఈ రెండు హెచ్చరికల్లో మాత్రం వేళాకోళం లేదు.

ఇన్ని జాగ్రత్తలు ఒక కుటుంబం పాటించడం అసాధ్యం గనుక ఒక ప్రతిపాదన. రహస్య సంఘానికి నాన్నగారినే అధ్యక్షుణ్ణి చేయాలి. అన్నగారిని ఆయనే పిలుస్తాడు, ఓటీపీ ఆయనే చెబుతాడు, మాత్ర టైముకు వేసుకుని ఇస్త్రీ చొక్కాతో వస్తాడు, లైట్లు వెలగ్గానే గుండె మీద చెయ్యేసుకుని రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఇప్పుడు జరుగుతున్నదీ ఇదే, కాకపోతే అనధికారికంగా.

షష్టిపూర్తి లెక్క భర్త వయసును బట్టి. అమ్మకు అరవై నిండటానికి ఇంకా అయిదారేళ్లుంది. ఆ తేదీ ఏమిటో తెలిసినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు, దానికోసం వాట్సాప్ గ్రూపు పెట్టినవాళ్లూ లేరు. కాబట్టి ఆ సర్‌ప్రైజు మాత్రం చివరిదాకా బయటపడదు.