తపాలా బిళ్ళంత ఇంటిదొంగ

ఏ ఘోరం జరిగినా దాని మీద ఏకసభ్య కమిషన్ వేసే మంచి సంప్రదాయం మన దేశంలో ఉంది. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పది నిమిషాలకోసారి వైఫై తెగిపోతున్న ఘోరాన్ని మాత్రం ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. గత్యంతరం లేక కమిషన్ నేనే వేసుకున్నాను. ఛైర్మన్నీ నేనే, సభ్యుణ్ణీ నేనే, బాధితుణ్ణీ నేనే. గడువు రెండు వారాలు. సంప్రదాయాన్ని గౌరవించి మూడుసార్లు పొడిగించుకున్నాను. ఇలాంటి నివేదికలు సాధారణంగా బీరువాలోంచి బయటికి రావు. ఇది వచ్చిందంటే కారణం, మా ఇంట్లో బీరువా తాళం మా ఆవిడ దగ్గర ఉండటమే.

ముందుగా ముద్దాయి పేరు. వైఫై అంటే వైర్‌లెస్ ఫిడిలిటీ అని చదువుకున్నవాళ్ళు చాలామంది ధీమాగా చెబుతారు. ఫిడిలిటీ అంటే నమ్మకంగా ఉండటం. అలాగైతే నమ్మకద్రోహం సెక్షన్ కింద కేసు పెట్టొచ్చని కమిషన్ ఉత్సాహపడింది. తీరా చూస్తే, బ్రాండ్లకు పేర్లు పెట్టే ఇంటర్‌బ్రాండ్ అనే కంపెనీ 1999లో చెవికి ఇంపుగా ఉందని పుట్టించిన మాట అది. అర్థమంటూ ఏమీ లేదు. అసలు పేరు 802.11. ఆ పేరుతో అమ్మితే ఎవరూ కొనరని ఇలా మార్చారు. ఫిడిలిటీ ముక్కని తర్వాత ప్రచారం కోసం తగిలించి, కొన్నాళ్ళకి వాళ్ళే వదిలేశారు. నమ్మకంగా ఉంటానని ఎన్నడూ మాటివ్వనివాడి మీద నమ్మకద్రోహం కేసు నిలవదు. ఆ సెక్షన్ కొట్టేశాం.

ఇక నేరం జరిగే తీరు. రోజూ ఉదయం పదింటికి ఆఫీసు కాల్. మిగతావాళ్ళు మాట్లాడినంతసేపూ సిగ్నల్ గుమ్మం దగ్గర కాపలా కుక్కలా నిలబడే ఉంటుంది. నా వంతు రాగానే పోతుంది. స్క్రీన్ మీద నా ముఖం, నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, ఆవలింతకీ తుమ్ముకీ మధ్య ఎక్కడో బిగుసుకుపోతుంది. ఆ భంగిమని మా టీమ్‌లో ఎవరో స్టిక్కర్ చేసుకున్నారని కమిషన్ దృష్టికి వచ్చింది. అది వేరే కేసు.

అనుమానితుల్లో మొదటిది రూటర్. గదిలో దీపాలు మిణుక్కుమనే వస్తువు అదొక్కటే కాబట్టి నేరం దానిదేనని ఇంటిల్లిపాదీ ఏకాభిప్రాయానికి వచ్చాం. రోజుకి ఎనిమిదిసార్లు ఆపి వేశాం. నెత్తిన తట్టాం. తుడిచాం. పేపర్ క్లిప్పుతో వెనక చిల్లులో పొడిచి రీసెట్ చేశాం. దాంతో పాస్‌వర్డ్ పోయి, ఇంట్లో పనిచేస్తున్న మిగతా వస్తువులు కూడా ఆగిపోయాయి. సమన్యాయం జరిగిందన్న తృప్తి మాత్రం కలిగింది.

రెండో అనుమానితుడు నెట్ కుర్రాడు. నాలుగుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా చెప్పులు గుమ్మంలో విడిచి, మంచినీళ్ళు తాగి, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, ముల్లు వంద దాకా వెళ్ళడం నాకు చూపించి, "మా సైడ్ నుంచి ఓకే సార్" అనేవాడు. ఈ వాక్యం మీద కమిషన్ చాలాసేపు ఆలోచించింది. ఈ దేశంలో ఎవరి సైడ్ నుంచి చూసినా అంతా ఓకేనే. సైడ్లన్నీ కలిసేచోట ఒకడు కూర్చుని ఉంటాడు, వాడికి మాత్రమే నెట్ రాదు. నాలుగోసారి వచ్చినప్పుడు నేను కొంచెం గొంతు పెంచాను. అతను ఏమీ అనలేదు. రూటర్ వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

మూడోది పక్క ఫ్లాట్ల వాళ్ళ రూటర్లు. ఇందులో కాస్త శాస్త్రం ఉంది. వైఫై రేడియో తరంగాలు తిరిగే 2.4 గిగాహెర్ట్జ్ అనే ఇరుకు సందులో ఛానెళ్ళు పదమూడున్నా, ఒకదాని కాలు ఒకటి తొక్కకుండా ఉండేవి 1, 6, 11 మూడే. మా అపార్ట్‌మెంట్లో ఇరవై నాలుగు ఫ్లాట్లు. అందరూ ఆ మూడు కుర్చీల మీదే కూర్చోవాలి. అయితే 5 గిగాహెర్ట్జ్ అని పక్కనే వెడల్పాటి రోడ్డుంది, మన ప్రభుత్వం 2018లో దాన్ని ఇంకా వెడల్పు చేసి లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. మా ల్యాప్‌టాప్‌ని ఆ రోడ్డెక్కించాం. అక్కడా పది నిమిషాలకే పడిపోయింది. దాంతో పొరుగువారు నిర్దోషులని తేలింది. ఈ విషయం వాళ్ళకి చెప్పలేదు.

నాలుగోది దిక్కు. మా నాన్నగారు మొదటి రోజే తీర్పు ఇచ్చేశారు: "ఆగ్నేయంలో పెట్టావు కదరా, అగ్గి కాక ఇంకేం వస్తుంది?" నేను నవ్వబోయి ఆగాను. మా ఆగ్నేయంలో వంటగది ఉంది. వంటగదిలో మైక్రోవేవ్ ఓవెన్ ఉంది. అది తిరిగేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా వైఫై సందులో. ఉప్మా వేడి చేసుకుంటుంటే కాల్ కటకటలాడటం నిజంగా జరిగేదే. అంటే నాన్నగారు సగం కరెక్టు. పూర్తిగా తప్పు చెప్పే మనిషితో వాదించి గెలవొచ్చు. సగం కరెక్టుతో గెలిచినవాడు మా వంశంలో లేడు.

ఈ నాలుగు విచారణలూ జరుగుతున్న ఇరవై రోజులూ నా కుర్చీ పక్కనే, అదే గదిలో, అదే రూటర్ మీద, మా అమ్మాయి తన ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చుంది. ఒక్కటి కూడా ఆగలేదు. మొదటి రోజే అంది: "నాన్నా, నాకు బానే వస్తోంది కదా." సాక్షి మైనర్ కావడం వల్లా, ఆమెను ఎవరూ అడగకపోవడం వల్లా ఆ వాంగ్మూలాన్ని కమిషన్ రికార్డు చేయలేదు. కేసు మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఒకే చోట ఫోన్‌కి వచ్చి ల్యాప్‌టాప్‌కి రాకపోతే దొంగ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాడు. దీనికి కమిషన్ అక్కర్లేదు. కానీ ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు. యాభై వేలు పోసి కొన్న వస్తువు మీద అనుమానం రావాలంటే మనసు ఒప్పుకోదు. నెట్ కుర్రాడి మీదికి మాత్రం వెంటనే ఒప్పుకుంటుంది. ఫోన్ చేస్తే వస్తాడు, తిడితే పడతాడు, అందుకని.

గడువు రెండోసారి పొడిగించాక ల్యాప్‌టాప్ మూత తెరిచి ఇంటి దొంగల లెక్క తీశాం. ఇద్దరున్నారు. ఒకడు వైఫై సిగ్నల్‌ని అందుకునే కార్డు, రెండోవాడు డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్.

డ్రైవర్ అంటే బండి తోలేవాడు అనుకుని నేను చాలా ఏళ్ళు గౌరవించాను. కాదు, దుబాసీ. కంపెనీ రోజుల్లో చెన్నపట్నంలో దొరకి మన భాష రాక, మనకి దొర భాష రాక, నడుమ ఒకడు ఉండేవాడు చూడండి, వాడు. విండోస్ దొరకి కార్డు భాష రాదు. డ్రైవర్ చెప్పిందే వేదం. దుబాసీ మంచివాడైతే రాజ్యం నడుస్తుంది. కాకపోతే కార్డు "నేను ఉన్నాను" అని గొంతు చించుకుంటున్నా, దొరగారికి మాత్రం "ఎవరూ లేరు దొరా" అని అందుతుంది. విండోస్‌లో పరికరాల చిట్టా చూపే డివైస్ మేనేజర్‌లో పసుప్పచ్చ త్రికోణం, దాని కింద "ఈ పరికరం మొదలు కావడం లేదు, కోడ్ 10" అని వస్తే అది ఇలాంటి సందర్భమే కావొచ్చు.

దొరగారికి ఇంకో అలవాటు ఉంది. మనం నిద్రపోతుండగా అప్‌డేట్ పేరుతో పాత దుబాసీని తీసేసి కొత్తవాణ్ణి పెడతారు. నిన్నటిదాకా బాగున్న వైఫై తెల్లారేసరికి పాడైందంటే ముందు అనుమానించాల్సింది దీన్ని. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ నొక్కితే పాతవాడు తిరిగొస్తాడు. ఆ బటన్ బూడిదరంగులో ఉంటే పాతవాడు ఊరు విడిచి పోయాడని అర్థం. మాకు బూడిదరంగే.

పక్కన పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్‌లో (అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ కనపడదు) ఒక చిన్న టిక్కు ఉంటుంది: కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేసే అధికారం కంప్యూటర్‌కి ఉండును గాక, అని దాని భావం. అంటే మీరు ఫైలు పంపుతూ ఉండగా కౌంటర్ మూసి లంచ్‌కి వెళ్ళే హక్కు. కొందరి వైఫై కష్టాలు ఆ టిక్కు తీసేస్తే తీరతాయి. మావి తీరలేదు.

కొత్త డ్రైవర్ వేద్దామంటే ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటులోంచే దింపుకోవాలి (దారిన పోయే డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్లను ఇంట్లోకి రానివ్వకండి, అవి దుబాసీలు కావు, దళారులు). దింపుకోవాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టు ఉన్న ఈ చిక్కుని మా అమ్మాయి ఫోన్‌కి యూఎస్‌బీ వైరు తగిలించి, టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి అరువివ్వడం) ఆన్ చేసి, నిమిషంలో విప్పింది. మైనర్ సాక్షి రెండోసారి కూడా కేసుని కమిషన్ కంటే ముందుకు తీసుకెళ్ళిందని విచారంతో నమోదు చేస్తున్నాం.

కొత్త డ్రైవర్ వేసినా అదే వరస. తయారీ కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే హార్డ్‌వేర్ విభాగం వారు ఇది సాఫ్ట్‌వేర్ అన్నారు. సాఫ్ట్‌వేర్ విభాగం వారు హార్డ్‌వేర్ అన్నారు. ఇద్దరూ కలిసి ఫార్మాట్ చేసి చూడమన్నారు. వెనకటికి మా ఊళ్ళో ఒక వైద్యుడుండేవాడు, తలనొప్పికీ కాలి బెణుక్కీ కూడా విరేచనాలయ్యే మందే ఇచ్చేవాడు. ఫార్మాట్ అటువంటిది. రోగం పోతుందో లేదో తెలియదు, లోపల ఉన్నదంతా మాత్రం పోతుంది.

ఆఫీసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన కుర్రాడు ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో విండోస్‌కి బదులు వాడే ఉబుంటు అనే మరో దొర ఉన్నాడు. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే ల్యాప్‌టాప్‌ని లేపొచ్చు. "దొరా మారాడు, దుబాసీ మారాడు. కార్డు మాత్రం అదే కదండీ" అన్నాడు (దొరా దుబాసీ నేను చేర్చినవి, అతను కెర్నల్ అన్నాడు, దొర గుండెకాయ అన్నమాట). ఉబుంటులో వైఫై బాగా వస్తే విండోస్ డ్రైవర్ దొంగ. అక్కడా తెగిపోతే కార్డో, దాని యాంటెన్నా వైర్లో. ఇంత చక్కటి పరీక్ష నేను మన న్యాయవ్యవస్థలో చూడలేదు. పన్నెండు నిమిషాలకి తెగింది. ఇరవయ్యో నిమిషానికి కార్డు అసలు లిస్టులోంచే మాయమైంది. పవర్ తీసేసి, ఆన్ బటన్ని అరనిమిషం నొక్కి పట్టుకుంటే తిరిగొచ్చింది, పుట్టింటికి వెళ్ళొచ్చినట్టు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. సీటీసీ అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. మెట్ల పక్కన ఒక చిన్న షాపులో కుర్రాడు నా నివేదిక అంతా ఓపిగ్గా విని, "అన్నా, రూటర్ ఏం పాపం చేసింది?" అన్నాడు. వెనక మూత విప్పి చూపించాడు. చూసి సిగ్గుపడ్డాను. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. తపాలా బిళ్ళంత. ఒకే ఒక్క మర. నెత్తిన రెండు సన్నటి వైర్లు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అవి మడత బందులోంచి దూరి స్క్రీన్ పక్కలకి పోతాయట. రోజుకి పదిసార్లు మూత తెరిచి మూస్తే ఆ మడత దగ్గర నలిగేది అవేనట. ముందు ఆ వైర్లు ఊడదీసి మళ్ళీ నొక్కాడు. తెగింది. డ్రాయర్లోంచి వేరే కార్డు తీసి అవే వైర్లు తగిలించాడు. అరగంట కూర్చున్నాం, టీ తాగాం, తెగలేదు.

"కార్డే అన్నా."

ఏదో ఒక కార్డు తెచ్చి పెట్టుకోవచ్చా అనడిగితే తల అడ్డంగా ఊపాడు. ఇంటెల్‌వి ఏఎక్స్200, ఏఎక్స్201 అని రెండున్నాయి, చూడ్డానికి కవలలు. మొదటిది తన పని తాను చేసుకుంటుంది. రెండోదానికి సగం బుర్ర ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో ఉంటుంది, ఆ సదుపాయం ఉన్న ఇంటెల్ మెషిన్లలో తప్ప పనిచేయదు. చివరి అంకె చూడకుండా ఆన్‌లైన్‌లో కొనుక్కొచ్చి తన షాపులో దిగులుగా కూర్చునేవాళ్ళు వారానికి ఇద్దరు ముగ్గురు ఉంటారన్నాడు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో కార్డుని బోర్డుకే అతికించేస్తారు, వాటికి యూఎస్‌బీ డాంగిల్ (బయట గుచ్చే వైఫై ముక్క) గుచ్చుకుని తిరగడమే దారి. మాది మర ఉన్న జాతి కనక బతికిపోయాం. పదిహేను వందలు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో పది మీటర్ల వైరు గోడ పొడుగునా పాకుతోంది. నేను లేని సమయం చూసి నాన్నగారు నెట్ కుర్రాణ్ణి పిలిపించి రూటర్‌ని ఈశాన్యానికి మార్పించారు, పక్కన చిన్న గణపతిని కూడా పెట్టారు. ల్యాప్‌టాప్ తెరిచాను. రెండు గంటలు, ఒక్కసారి కూడా తెగలేదు. జేబులోంచి పాత కార్డు తీసి చూపించి, కోడ్ 10 నుంచి మొదలుపెట్టి నివేదిక మొత్తం చదివి వినిపించాను. నాన్నగారు అంతా విని, కార్డుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత ముక్క వల్లేం అవుతుందిరా? ఈశ్వరుడైనా పట్టలేడన్నావుగా నీ దొంగని. ఆయన మూలలో పెట్టాక దొరికాడు చూడు" అన్నారు. మా ఆవిడ ఔనన్నట్టు తలూపింది. మైనర్ సాక్షి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

మర్నాడు ఉదయం పక్క ఫ్లాట్ పెద్దాయన ఫోన్‌లో దిక్సూచి ఆన్ చేసుకుని మా హాల్లోకి వచ్చి, డిగ్రీలు రాసుకుని వెళ్ళారు. సాయంత్రం లిఫ్ట్ దగ్గర నెట్ కుర్రాడు కనపడ్డాడు. భుజాన డ్రిల్లింగ్ మెషిన్, చేతికి వైరు చుట్ట. నన్ను చూసి మొదటిసారి నవ్వాడు.

"మూడు ఫ్లాట్లు సార్, అన్నీ ఈశాన్యమే."