ముందు అధికారులకు చూపండి

వలస కూలీల హక్కులపై డాక్యుమెంటరీలు తీసి, ఊళ్లలో తెర కట్టి చూపిస్తే చైతన్యం వస్తుందన్న మాట సిక్కోలులో మళ్లీ వినిపిస్తోంది. డాక్యుమెంటరీతో మాకు పేచీ లేదు. ఆ తెర ముందు ఎవరిని కూర్చోబెడుతున్నారన్నదే మా ప్రశ్న.

మన తీరంలోని డి.మత్స్యలేశం ఊరి జాలరికి గుజరాత్ వేట కష్టాలు ఇంకొకరు చెప్పాలా? ఏటా వెరావల్ వెళ్లి, పడవ నాయకుడైన తండేలు మాట మీద నెలల తరబడి సముద్రంలో బతికేది అతడే. 2018 నవంబరులో మన జాలర్లు పాకిస్థాన్ చెరలో పడితే, 2020 జనవరి దాకా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది ఆ ఇళ్లే. వాళ్లకు తెలియనిది తెర మీద ఏముంటుంది?

తమ హక్కులేమిటో తెలియకే కూలీలు మోసపోతున్నారని నిర్వాహకులు అంటారు. కొంత నిజమే. కానీ తెలిసిన కూలీ మేస్త్రీని ఏమని నిలదీస్తాడు? మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఇంట్లో ఖర్చయిపోయి ఉంటుంది.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం ప్రతి కూలీకీ అతడి ఫొటో అతికించిన పాస్‌బుక్కును కాంట్రాక్టరు ఇవ్వాల్సి ఉండేది. పని చోటు, కూలి రేటు, కోతలు, తిరుగు ప్రయాణపు చార్జీ అందులో రాయాల్సి ఉండేది. హిందీ, ఇంగ్లిషుతో పాటు కూలీ సొంత భాషలోనూ రాయాల్సి ఉండేది. తెలుగులో రాసిన అలాంటి పుస్తకం ఆమదాలవలస స్టేషనులో రైలెక్కే ఎంతమంది సంచుల్లో కనిపించింది? 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. మృతుల్లో శ్రీకాకుళం, విజయనగరం బిడ్డలు ఎందరో. ఆ తర్వాతైనా ఆ పుస్తకం అడిగిన అధికారి ఉన్నారా? ఇప్పుడు ఆ పాత చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ తెచ్చారు. చట్టం పేరు మారింది, తనిఖీ చేయాల్సినవారు మాత్రం వారే. ఆ డాక్యుమెంటరీ చూడాల్సిందీ వారే.

డిసెంబరు 18న వలసదారుల దినమంటూ బ్యానర్లు కట్టేవారికి ఇంకో మాట. 1990లో అదే తేదీన ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వలస కార్మికుల ఒడంబడికపై మన దేశం నేటికీ సంతకం చేయలేదు. హామీ ఇవ్వాల్సిన ప్రభుత్వం చేతులు ముడుచుకుని, హక్కుల పాఠం కూలీకి చెప్పడం ఏ న్యాయం?

తీసేవారికీ బాధ్యత ఉంది. తెర మీది ముఖాన్ని మేస్త్రీ గుర్తుపడితే మరుసటి ఏడాది ఆ కూలీకి పిలుపు రాదు. కన్నీళ్లు దగ్గరగా చూపాలన్న ఉబలాటంలో ఈ సంగతి మరిచిపోతున్నారు.

కాబట్టి తొలి ప్రదర్శన కార్మిక శాఖ కార్యాలయంలో పెట్టండి. రెండోది కూలీలను పంపే కాంట్రాక్టర్లకు, మూడోది ఓట్ల కోసం వలస గ్రామాలకు వచ్చే నాయకులకు. అంతవరకూ కూలీలను చాపల మీద కూర్చోబెట్టి ఫొటోలు దిగే తతంగం ఆపండి.